పరగడుపు ముక్కు

నేను నెయ్యి వాసన చూసి బతికినవాణ్ణి. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఒకప్పుడు కంభం సంతలో ప్రతి నెయ్యి దుకాణం ముందూ ఒక పీట ఉండేది. పల్లెల నుంచి వచ్చిన నేతికుండలన్నీ మొదట ఆ పీట ముందుకు రావాలి. పీట మీద కూర్చున్నవాడు వాసన చూసి మంచిదంటేనే తూకం. కాదంటే కుండ వెనక్కి పోవాల్సిందే. నా వయసంతా ఆ పీట మీద గడిచింది. తర్వాత వనస్పతి వచ్చి నేతి వ్యాపారం చితికిపోయాక నూనె మిల్లులోనూ, పాల కేంద్రంలోనూ అదే పని చేశాను. ఎక్కడ చేసినా నా పనిముట్టు ఒక్కటే. అది ముఖం మధ్యలో ఉంటుంది.

ఈమధ్య పాల కేంద్రంలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చి, పని మెలకువలు చెప్పమని అడిగారు. పాలు విరిగేముందు వచ్చే వాసన కనిపెట్టడం వాళ్ల ఉద్యోగం. ఒకడి చేతిలో తీపి సోడా సీసా ఉంది. రెండోవాడు ఏదో మసాలా పొట్లం నోట్లో ఒంపుకుని వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. వడ్రంగి కొడుకు ఉలిని రాతికేసి కొడితే తండ్రి చూస్తూ ఊరుకుంటాడా? ఆ రోజు వాళ్లను కసిరి పంపించాను. తర్వాత తీరిగ్గా కూర్చుంటే, కసిరితే వాళ్లకు తెలిసేదేముంది, చెప్పాలి గదా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు బడి చదువు లేదు. మార్కాపురంలో పలకలు కోసేచోట పారేసిన ముక్కలు ఏరుకొచ్చి వాటి మీద అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత చేతికి దొరికిన ప్రతి వైద్యం పుస్తకమూ చదివాను. నేను డాక్టరును కాను. నా కళ్లతో చూసింది, నా ముక్కుతో తెలుసుకున్నది రాస్తాను. ఎవరు ఎంత జీతమిచ్చారు, ఎప్పుడు పెంచారు అన్నది రాయను. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

పరగడుపు

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోవే. రాజధాని మన జిల్లాకే వచ్చిందని టీ అంగళ్ల దగ్గర పెద్ద పెద్ద మాటలు నడిచేవి. కంభం సంతలో మాత్రం వారం వారం అదే దుమ్ము, అవే కుండలు. నేను నారాయణశెట్టి గారి దుకాణంలో చేరింది అప్పుడే. అప్పటికే నాకు పెళ్లయింది. అంతకుముందు శనక్కాయల మిల్లులో నూనె వాసన చూసిన అనుభవం కొంత ఉంది. ఆ ధీమాతోనే వచ్చాను.

దుకాణం పీట మీద కాశయ్య ఉండేవాడు. ఊరందరికీ కాశయ్య మామ. భారీ మనిషి, మెత్తటి చేతులు. ఆయన కుండలో వేలు ముంచి, రెండు బొట్లు ఎడమ చేతి వెనకవైపు వేసి, వేడెక్కేదాకా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపు సంతలో ఎంత గోల ఉన్నా ఆ కుండ తెచ్చిన మనిషికి ఏమీ వినపడేది కాదు. వెన్న సరిగా కాగకపోతే మజ్జిగ వాసన. ఎక్కువ కాగితే మాడు. నిలవుంటే కనరు వాసన. శనక్కాయ నూనె కలిస్తే ఒకటి, మేక కొవ్వు కలిస్తే ఇంకొకటి. ఆయన కళ్లు తెరిచి చెప్పిందానికి తిరుగులేదు.

మొదటి రోజు నేను వెళ్లి ఎదురుగా నిలబడగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"పొద్దున ఏం తిని వచ్చినావురా రంగయ్యా?"

"సద్దన్నం మామా. ఎర్రగడ్డ నంజుకుని తిన్నా."

"కడుపు నిండా?"

"నిండానే."

"అయితే ఇంటికి పో. వచ్చే సంతకు రా. తిన్న కుక్క పండుకుంటాది. ఆకలైన కుక్కే గాలికి ముక్కెత్తుతాది. నువ్వు ఈ పొద్దు పండుకునే కుక్కవి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తలవంచుకుని ఇంటికి పోయాను. కానీ ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తర్వాత నామీద నేనే ఎన్నోసార్లు పరీక్ష పెట్టుకున్నాను. పరగడుపున ఒకే నేతిలో నాలుగు వాసనలు విడివిడిగా తెలిసేవి. కడుపునిండా తిన్నాక అవన్నీ కలిసిపోయి "నెయ్యి" అనే ఒక్క వాసనగా మిగిలేవి. ముక్కు అదే, నెయ్యి అదే. మారింది కడుపు. తిండికీ ముక్కుకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేసుకుని ఆ తర్వాత నాతో మాట్లాడాలి.

బెల్లం పళ్లెం

ఇంత తెలిసిన మనిషి పక్కనే ఒక పళ్లెం ఉండేది. దాంట్లో బెల్లం. అది మా సంత ఆచారం. ఒక కుండ వాసన చూసిన తర్వాత ఇంకొక కుండకు పోయేముందు వాసన చూసేవాడు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, రెండు గుటకలు నీళ్లు తాగాలి. దాన్ని ముక్కు కడుక్కోవడం అనేవాళ్లు. ముందు కుండ వాసన తరువాతి కుండకు అంటకుండా ఉండటానికట. పీట మీద కూర్చున్నవాడికి పళ్లెం నిండా బెల్లం పెట్టకపోతే అది దుకాణానికి పరువు తక్కువ.

పరగడుపున రమ్మని నన్ను తరిమిన మనిషే, పరగడుపున కూర్చుని పొద్దెక్కేదాకా బెల్లం తినేవాడు. ఇందులో ఉన్న తెలివితక్కువతనం ఆ రోజుల్లో ఎవరికీ కనపడలేదు. నాకూ కనపడలేదు. సంత లేని రోజుల్లోనూ ఆయనకు ఆ అలవాటు పోలేదు. షావుకారు ఇంటి నుంచి పండగకీ పబ్బానికీ బూరెలు వచ్చేవి. "మా ముక్కు బాగుండాల" అని శెట్టి గారి భార్య స్వయంగా పంపేది. ఒక మనిషిని గౌరవించడమంటే తీపి పెట్టడమేనని మనవాళ్లకు ఎవరు నేర్పారో గానీ, ఆ గౌరవం వల్ల పోయినంతమంది మశూచి వల్ల కూడా పోలేదు.

తిరిగొచ్చిన డబ్బాలు

మేము కొన్న నెయ్యి డబ్బాల్లో పోసి, మూతికి సీసం మాటు వేసి, రైల్లో గుంటూరు పంపేవాళ్లం. ఒక చలికాలం కొన్ని డబ్బాలు తిరిగొచ్చాయి. నెయ్యి కనరెక్కింది, మాకొద్దని అక్కడి వర్తకుడు పంపేశాడు. మూత తీసిన వెంటనే నాకు తెలిసింది. దుకాణం గుమ్మం దగ్గర నిలబడ్డా తగిలేంత వాసన.

షావుకారు కాశయ్య మామను అడిగాడు. "ఎవరి కుండ కాశయ్యా ఇది?"

డబ్బాలో పదిమంది నెయ్యి కలుస్తుంది. ఎవరిదని చెప్పగలం? కానీ షావుకారుకు ఒక పేరు కావాలి. కాశయ్య మామ "ఆ వారం ఓబులమ్మ ఎప్పుడూ తేనంత తెచ్చింది" అన్నాడు.

ఓబులమ్మది కొమరోలు వైపు పల్లె. భర్త గొర్రెల మందతో నల్లమల అంచుకు మేతకు పోతే నెలల తరబడి రాడు. ఇంట్లో అత్త, కూతురు, రెండు బర్రెలు. ఆ రెండు బర్రెలూ ఒకేసారి ఈనడంతో ఆ వారం నెయ్యి ఎక్కువ తెచ్చింది. అంతే. ఆమె నెయ్యి నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది. పొయ్యి మీద నుంచి దించేముందు మునగాకు రెమ్మ వేసేది. దాని పచ్చి వాసన నేతి అడుగున సన్నగా నిలిచి ఉండేది.

తరువాతి సంతకు ఆమె కుండ పీట ముందుకు వచ్చింది. దాన్ని ఆయనకు అందిస్తూ నేనూ వేలు ముంచి వాసన చూశాను. కాశయ్య మామ రెండు బొట్లు రుద్దాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి, పక్కనున్న సున్నం కాయలో వేలు ముంచి, కుండ మెడ మీద బొట్టు పెట్టాడు.

దీని సంగతి చెప్పాలి. చెడిపోయిన నెయ్యిని వెనక్కి పంపడం వేరు. అది ఎవరికైనా జరుగుతుంది. సున్నం బొట్టు పెట్టడమంటే కల్తీ అని చాటడం. ఆ బొట్టున్న కుండను సంతలో ఏ దుకాణమూ ముట్టదు. బొట్టు చెరుపుకుని వచ్చినా ముట్టదు. పెట్టిన వేలే దాన్ని తుడవాలి, అదీ నలుగురిలో, పీట ముందు. అప్పటిదాకా ఆ ఇంటి నెయ్యికి సంతలో చోటు లేదు. ఇక ఆ బర్రెల్ని మేపి ఏం లాభం? ఎండలు ముదిరేలోపు అమ్ముకోవాల్సిందే.

ఓబులమ్మ ఏడవలేదు, అరవలేదు. కుండ నెత్తిన పెట్టుకుని నిలబడి, "మామా, ఇంకొక్కసారి చూడు" అంది.

"చూసినా పో" అన్నాడాయన.

ఆమె అటు పోగానే నేను ఆయన్ని దుకాణం వెనక్కి పిలిచి చెప్పాను. "మామా, నేనూ చూసినా. మునగాకు వాసన తప్ప ఏమీ లేదు. మంచి నెయ్యి."

"నీ ముక్కు పుట్టిందెప్పుడురా, నాకు చెప్పేదానికి?"

షావుకారు దగ్గరికి పోయాను. ఆయన తలెత్తకుండానే అన్నాడు. "రంగయ్యా, పీట మీద రెండు ముక్కులు కూర్చుంటే దుకాణం మూసుకోవాల. ఒక ఆడమనిషి కుండ గురించి నేను కాశయ్య మాట తీసెయ్యలేను."

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు మండుతుంది. ఆయన తప్పు చేశాడని కాదు, తెలుసుకోకూడదని నిశ్చయించుకున్నాడు. ఉద్యోగంలో నేను చూసిన పెద్దలందరిలోనూ ఇదే జబ్బు చూశాను. వాళ్లకు నిజం కంటే సద్దుమణగడం ముఖ్యం.

ఉలవలు

మర్నాడు నేను కాశయ్య మామ ఇంటికి పోయాను. ఆయన కాలి బొటనవేలికి దెబ్బ తగిలి ఎంతకీ మానడం లేదు. దాన్ని చూసే మిషతో ఇంకోసారి చెప్పి చూద్దామనుకున్నాను. ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని, నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య లక్ష్మమ్మ అత్త పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. నేను కూర్చున్నానో లేదో, ఓబులమ్మ వచ్చింది. నెత్తిన అదే కుండ. బొట్టు అట్లాగే ఉంది.

"మామా, ఈ బొట్టు తియ్యి" అంది, కుండ దించి.

"పోయిన నెయ్యిని పోయిందనే అంటానమ్మా. ఎట్ల తియ్యను?"

"మా అత్త చూసింది. మా వాకిట్లోళ్లందరూ చూసినారు. ఈ రంగన్న చూసినాడు. అందరి ముక్కులూ పోయినాయా?"

"అందరికీ ముక్కులుంటాయి. పీట మీద కూర్చునే ముక్కు ఒకటే ఉంటాది."

"ఆ ముక్కుకు నేనేం చేసినాను మామా? చిన్నప్పుడు మాయమ్మ ఎనక సంతకొచ్చేదాన్ని. నువ్వు మాయమ్మ నెయ్యి రుద్దుకుని, ఇది కంభం చెరువు కింద గడ్డి మేసిన బర్రెది కాదు, కొండ గడ్డి మేసిందని చెప్పినావు. ఆ పొద్దు మాయమ్మ ఎంత మురిసిపోయిందో. అట్లాంటోడివి, నా కుండ కల్తీ అంటే ఎట్ల నమ్మేది?"

"నమ్మకపోతే మానుకో. నా ముక్కు ఇన్నేళ్లలో ఒక్కసారి అబద్ధం..."

ఓబులమ్మ చెయ్యెత్తి ఆపింది. ముఖం గుమ్మం వైపు తిప్పింది. నాకూ అదే క్షణంలో తగిలింది.

"మామా, లోపల ఉలవలు మాడతాండాయి."

"ఏం మాడతాండాయి?" అన్నాడు కాశయ్య మామ.

పొగ ఇంకా బయటికి రాలేదు. వాసన మాత్రం ఇల్లంతా నిండింది. మాడిన ఉలవల వాసన తెలుసు గదా, వీధి చివరి వాడికి కూడా తెలుస్తుంది. పెరట్లో నుంచి లక్ష్మమ్మ అత్త తడి చేతులతో పరిగెత్తుకొచ్చి, కుండ దించి, గుమ్మంలో నిలబడింది.

"పొయ్యికి ఆనుకుని కూర్చున్నావు. ఒక్క కేక ఎయ్యలేవా? పెరట్లో సబ్బు నురగలో ఉన్న నాకు తెలిసింది, నీకు తెలియలేదా?"

మేము ముగ్గురమూ ఆయన్నే చూస్తున్నాం. ఓబులమ్మ అప్పుడు గెలిచాననుకుని ఉంటే ఒక్క మాటతో ఆయన్ని చీల్చి ఉండేది. ఆమె నేలమీద కూర్చుని, మెల్లగా అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి మామా?"

ఆయన గుమ్మంలో ఉన్న భార్యను చూపించాడు. "పోయిన ఎండాకాలం నుంచి. మొదట దీని తల్లో మల్లెపూలు తెలియలా. జలుబనుకున్నా. తర్వాత ఇంగువ తెలియలా. నెయ్యి తెలుస్తాందనే అనుకున్నా. ముక్కు తేటపడతాదని బెల్లం ఇంకా ఎక్కువ తిన్నా. ఆఖరికి కుండ చూసి, మనిషిని చూసి చెప్తాంటి."

"నన్ను చూసి ఏమనుకున్నావు మామా?"

"ఎక్కువ తెచ్చినావు గదా, ఏదో కలిపింటావనుకున్నా."

లక్ష్మమ్మ అత్త గుమ్మంలోనే కూలబడింది. ఆమె చెప్పిన సంగతులు వింటే ఇప్పుడు ఏ చిన్న పిల్లవాడైనా జబ్బు పేరు చెబుతాడు. బానెడు నీళ్లు తాగుతున్నాడు. తిన్నది తిన్నట్టే ఉంది, మనిషి చిక్కిపోతున్నాడు. పచ్చడిలో ఉప్పు లేదు, చారులో పులుపు లేదు అని రోజూ గొడవ. పెరట్లో ఆయన ఒంటికి కూర్చునే చోట చీమలు.

చీమల మాట వినగానే ఓబులమ్మ లేచి నిలబడింది. "మా పెదనాయనకూ చీమలే. ఎవురూ పట్టించుకోలా. కాలికి పుండు లేచి, మోకాలిదాకా కుళ్లి పోయినాడు. మామా, నా కుండ సంగతి తర్వాత. రేపు పొద్దున్నే మార్కాపురం ఆస్పత్రికి పో."

ఆ కుండ నెత్తిన పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది.

ఇటుక రంగు

మార్కాపురం డాక్టరు మంచివాడు. ఓపిగ్గా చూశాడు. గాజు గొట్టంలో నీలి మందు పోసి, అందులో కాశయ్య మామ మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చ అయింది, పసుపైంది, చివరికి ఇటుక రంగు తిరిగింది. "ఒంట్లో చక్కెర పొంగుతోంది పెద్దాయనా. తీపి మానెయ్యాలి. అన్నం తగ్గించాలి. లేకపోతే కాలు దక్కదు" అన్నాడు.

నేను అడిగాను. "సార్, ఈయనకు వాసన తెలియడం లేదు. అది కూడా చక్కెర వల్లనేనా?"

"దానికీ దీనికీ సంబంధమేమిటయ్యా? జలుబు మందు రాస్తాను."

మంచి డాక్టరే ఆ మాట అన్నాడు. అప్పట్లో వాళ్లకు అంతే తెలుసు. కానీ ఆ తర్వాత ఎంతమంది డాక్టర్లను చూశానో, వాళ్లలో తీపి జబ్బు మనిషిని "నీకు వాసన తెలుస్తోందా" అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కళ్లు చూస్తారు, కాళ్లు గిచ్చుతారు. ముక్కును అడగరు. చక్కెర ఎక్కువై చిన్న చిన్న నరాలు దెబ్బతింటాయని, దాంతో వాసన కూడా మందగించవచ్చని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివినప్పుడు, దాన్ని తీసుకెళ్లి ఆ డాక్టరు ముందు పెట్టాలనిపించింది. ఆయన అప్పటికే లేడు. వాసన పోయిన ప్రతివాడికీ చక్కెర ఉందని నేను చెప్పడం లేదు. జలుబుకూ పోతుంది, ముసలితనానికీ పోతుంది. కానీ అడగాలి గదా!

రైలు దిగి నడుస్తుంటే కాశయ్య మామ అన్నాడు. "ముక్కు పోయిందని సంతలో తెలిస్తే నన్ను మళ్లీ పీట ఎక్కనియ్యరు రంగయ్యా."

"ఎక్కనియ్యరు మామా."

"నాకు ఇంకే పనీ రాదు."

నేను ఆయన కుంటుకాలికి సరిపడా నడక తగ్గించాను.

సున్నం బొట్టు

తరువాతి సంతకు ముందురోజే షావుకారు కబురు పెట్టాడు. కాశయ్య మామ దాచకుండా అంతా చెప్పాడు. నారాయణశెట్టి గారు తలుపు దగ్గరికి వేయించి మాట్లాడాడు.

"నోరు మూసుకుని నెమ్మదిగా తప్పుకో కాశయ్యా. కాలు బాగాలేదని చెప్తా. రంగయ్య కూర్చుంటాడు. నీకు తిండికి లోటు రాకుండా నేను చూసుకుంటా."

"ఓబులమ్మ కుండ?"

"అది అట్లనే ఉండనియ్యి. ఆ బొట్టు తప్పని మనమే అంటే, ఇన్నాళ్లు మనం వెనక్కి పంపిన ప్రతి కుండా రేపు తిరిగొచ్చి నిలబడతాది."

అది కూడా నిజమే. అందుకే అది అంత అన్యాయమైన మాట.

సంత రోజు కాశయ్య మామ పరగడుపునే వచ్చాడు. పీట ఎక్కలేదు. పీట పక్కన నిలబడ్డాడు. ఓబులమ్మ దూరంగా, మేకల వరుస దగ్గర కుండతో కూర్చుని ఉంది. వస్తుందని నేను అనుకోలేదు. "అమ్మా ఓబులమ్మా, ఇట్ల రా" అని గట్టిగా పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఆమె వచ్చి కుండ పీట ముందు పెట్టింది.

ఆయన కుంటుకుంటూ కిందికి వంగి, కండువా కొస నీళ్లలో తడిపి, ఆ సున్నం బొట్టును తుడిచాడు. మట్టికుండకు పట్టిన సున్నం ఒక పట్టాన పోదు. మెడంతా రుద్దాడు. ఆ తర్వాత లేచి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"కుండలో దోషం లేదు. నా ముక్కు పోయింది. ఎండాకాలం నుంచి నాకు వాసనే తెలియదు. ఈమె నెయ్యి మంచిదో చెడ్డదో నాకు తెలియకనే బొట్టు పెట్టినా."

అని, సున్నం కాయలో వేలు ముంచి, తన ముక్కు మీద బొట్టు పెట్టుకున్నాడు.

ఆ సంతలో తాగుబోతులుంటారు, ఎగతాళి చేసేవాళ్లుంటారు. ఒక్కరూ నవ్వలేదు. షావుకారు లోపలికి వెళ్లిపోయాడు. కాశయ్య మామ అట్లాగే నిలబడ్డాడు, ఏ దుకాణమూ ముట్టని కుండలాగా.

ఓబులమ్మ దగ్గరికి వచ్చి, పైట చెంగుతో ఆ ముక్కు మీది బొట్టు తుడిచింది.

"పెట్టిన వేలే తుడవాలమ్మా" అన్నాడాయన.

"అది కుండలకు మామా. మనుషులకు గాదు" అంది.

గంజి తాగిన ముక్కులు

ఆ రోజు నుంచి పీట నాది. నేను చేసిన మొదటి పని బెల్లం పళ్లెం తీయించడం. "దుకాణం పరువు పోతాది" అని షావుకారు గొణిగాడు. "బెల్లం పెట్టిన పరువు చూసినాం గదా శెట్టీ" అన్నాను. ముక్కు తేటపడటానికి మంచినీళ్లు తాగి, మోచేతి మడతలో నా ఒంటి వాసన నేనే చూసుకునేవాణ్ణి. దాన్ని మించింది ఈనాటికీ లేదు.

ఎక్కువ తిండి సంగతి చెప్పాను. తక్కువ తిండి కూడా ముక్కును చంపుతుంది. ఇది మరిచిపోకండి. తర్వాత వచ్చిన కరువు కాలంలో కొమరోలు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన నెయ్యంతా కనరెక్కి వచ్చేది. కోపమొచ్చి ఆ ఊరికే పోయాను. ఒక ఇంట్లో ఆ నెయ్యి ముసలావిడ చేతి మీద రుద్ది, ఏం వాసనో చెప్పమన్నాను. "నెయ్యేగా నాయనా" అంది. పక్కింట్లోనూ అదే జవాబు. అబద్ధం కాదు. వాళ్లకు తెలియడం లేదు. నెలల తరబడి జొన్న గంజి, కారం. ఆకుకూర లేదు, పప్పు లేదు, పాలూ మజ్జిగా కూడా అమ్మకానికే. పిల్లలు సందె చీకటి పడితే గోడలు పట్టుకుని నడుస్తున్నారు. రేచీకటి అందరికీ కనపడింది. ముక్కుకు పట్టిన చీకటి ఎవరికీ కనపడలేదు. వానలు పడి, కూరాకు మొలిచి, ఇంట్లో మజ్జిగ మిగిలిన కొన్నాళ్లకు ఆ ఊరి నెయ్యి మళ్లీ బాగుపడింది. ఆ కరువులో నేను ఒక్క కుండకూ సున్నం పెట్టలేదు. సున్నం కాయ పీట దగ్గర ఉండనివ్వలేదు.

కాబట్టి పాల కేంద్రం పిల్లలకు చెప్పేదిదే. పనికి పోయేముందు కడుపు నింపకండి. రోజూ పొద్దున్నే ఒకే వస్తువు వాసన చూడండి, ఇంగువో మెంతులో. అది ఒకనాడు మందగిస్తే దాచకండి. తీపి సోడా పారబోయండి. యంత్రాలొచ్చాయి తాతా అంటారేమో, యంత్రానికి చక్కెర జబ్బు రాదు, మీకు వస్తుంది.

కాశయ్య మామ కొర్రన్నానికి, ఉలవచారుకు, మెంతికూరకు మారాడు. రోజూ పొద్దున్నే చెరువుకట్ట మీద నడిచేవాడు. కాలు దక్కింది. ఏడాది దాటాక ఇంగువ తెలిసింది. మల్లెపూలు కూడా కొంచెం తెలుస్తున్నాయని లక్ష్మమ్మ అత్త నాతో చెప్పి, చెప్పకూడనిది చెప్పినట్టు తల తిప్పుకుంది. నెయ్యి మాత్రం తిరిగి రాలేదు. అంత సన్నని వాసనలు విడదీసే శక్తి ఒకసారి పోతే పోయినట్టే.

అయినా ఆయన సంతకు రావడం మానలేదు. నా పీట పక్కన గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. ఓబులమ్మ బర్రెల్ని అమ్ముకోలేదు. తర్వాత ఇంకొకటి కొనింది కూడా. ప్రతి సంతకూ కుండ తెచ్చి, నా ముందు కాదు, ఆయన ముందు దించేది. ఆయన రెండు బొట్లు చేతి వెనక వేసుకుని, రుద్ది, కళ్లు మూసుకుని, చాలాసేపు అట్లాగే ఉండేవాడు. ఆ కుండను నేను ముట్టకముందే నాకు మునగాకు తెలుస్తూ ఉండేది. ఆయన కళ్లు తెరిచి నా వైపు చూసేవాడు. నేను తలాడించేవాణ్ణి. "మంచి నెయ్యమ్మా" అనేవాడు ఆమెతో. ఆ తర్వాతే తూకం.